ఒడిబియ్యంలో కూర్చున్న పిల్ల

"చిన్నపాపకు చెప్పినావా?" అని అడిగింది మా వదిన.

"చెప్తాలే వదినా. అది యాడికి పోతాది, నేను యాడికి పోతా" అన్నాను.

"నేను పోయినాంక చెప్తావు నువ్వు. అప్పుడు నన్ను మంచిదాన్ని చేసి చెప్తావు. అట్ల వద్దు నాగమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"సరే" అన్నాను.

మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ మాట రాలేదు. మూడో రోజు పొద్దున ప్రాణం పోయింది. పదకొండో రోజు కూడా నిన్నటితో అయిపోయింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. ఇక సాకు చెప్పడానికి నాకు ఏమీ మిగల్లేదు.

మా వదిన అంటే నా మొగుడికి సొంత అక్క, ఈశ్వరమ్మ. చిన్నపాప అంటే నా చిన్న కూతురు సరళ. ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తున్నది ఆ సరళే. నాకు సంతకం వరకే వచ్చు. ఇప్పుడు కర్నూలు కల్లూరులో సరళ దగ్గరే ఉంటున్నాను. నా పాత సంగతులు రాసిపెట్టుకుంటానని అది ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఎర్రగుంట్లలో ఉన్నప్పటివి, చుట్టాలొచ్చినప్పటివి చెప్పమంటుంది. సరే, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి వచ్చి కూర్చో అన్నాను. ఏం చెప్పబోతున్నానో దానికి తెలియదు. రాసుకుంటూ పో తల్లీ, నడుమ ఆపొద్దు. ఆపితే నాకు మళ్లీ ధైర్యం రాదు.

ఎర్రగుంట్లలో మా ఇల్లు సిమెంటు లారీలు పోయే దారి పక్కన ఉండేది. గోడలు నాపబండలు, పైకప్పూ నాపబండలే. ఎండాకాలం పగటిపూట కిందా మీదా రెండు పెనాలు పెట్టి నడుమ మమ్మల్ని కాల్చినట్టు ఉండేది. మా ఆయన లారీ డ్రైవరు. ఎక్కితే నాలుగు రోజులు, దిగితే ఒక రోజు. ఇంట్లో నేను, మా అత్త, ముగ్గురు పిల్లలు. పెద్దది పద్మ, నడిమివాడు సూరి, చివరిది సరళ. పొద్దున ఊడిస్తే పగటికల్లా మళ్లీ దుమ్ము పరుచుకునేది. నీళ్ల గాబు మీద మూత మరిచిపోతే పాల మీద మీగడలాగా తెల్లగా తేలేది. పిల్లల కనుబొమ్మలు కూడా ముసలోళ్ల కనుబొమ్మల్లా ఉండేవి. సూరికి ఆ దుమ్ము గిట్టేది కాదు. వాడు దగ్గడం మొదలుపెడితే, ఎప్పుడు ఆపుతాడా అని సంగటి కెలికే చేయి ఆపి నిలబడిపోయేదాన్ని. ఇప్పటికీ పక్కింట్లో ఎవరైనా దగ్గితే నా చేయి ఆగుతుంది.

చుట్టాలొస్తున్నారన్న కబురు లారీల వాళ్ల చేత వచ్చేది. నంద్యాల దిక్కు నుంచి వచ్చే డ్రైవరు ఎవరో ఒకరు బండి దిగకుండానే, మీ ఆడబిడ్డ ఆదివారం వస్తుందట అని చెప్పి పోయేవాడు. అప్పటి నుంచి మా అత్త మనిషి మారిపోయేది. వక్కాకు నములుతూ అరుగు మీద రోడ్డు వైపు తిరిగి కూర్చునేది. అన్నం అక్కడికే తెమ్మనేది. నేను గోడలు దులిపి, గాబు కడిగి, పక్కింటి నుంచి ఈతచాప అడుక్కొచ్చి, సొట్ట పడని గ్లాసును బియ్యం డబ్బాలో దాచిపెట్టేదాన్ని. పిల్లలు ముగ్గురినీ నిలబెట్టి ఒకే మాట చెప్పేదాన్ని. మీ అత్త రాగానే సంచి వైపు చూడొద్దు. పద్మ చూసేది కాదు. సూరి మాత్రం సంచికి వీపు తిప్పి నిలబడి ముక్కుతో వేరుశనక్కాయల వాసన పట్టేవాడు. బుడ్డలు, బెల్లం అని వాడు మెల్లగా చెబితే మా వదిన పడీ పడీ నవ్వేది.

వదినది నందికొట్కూరు దగ్గర పల్లె. కాలువ కింద వరిపొలం, ఇంటి నిండా గింజలు, నాలుగు ఎద్దులు. పొడుగు మనిషి. నుదుటన పావలా అంత బొట్టు. బస్సు దిగి సంచి నెత్తిన పెట్టుకుని తానే నడిచి వచ్చేది, ఎవరినీ పట్టుకోనిచ్చేది కాదు. వస్తూనే పిల్లల్ని చూసి, "ఏమ్మే నాగమ్మా, గోడలకు కొట్టినాంక మిగిలిన సున్నం పిల్లోల్లకు కొట్టినావా ఏంది?" అనేది. కాళ్లు కూడా కడుక్కోకుండా ముగ్గురినీ గాబు దగ్గరికి లాక్కుపోయి సున్నిపిండితో తోమేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, ఆమె నవ్వేది, మా అత్త అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకునేది. వదినకు పెళ్లయి పన్నెండేళ్లు దాటినా కడుపు పండలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు. మా అత్త కళ్లు తుడుచుకుంటే చాలు, అన్నట్టే.

ఇక జరిగింది చెబుతాను. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ తిరిగి పోయేటప్పుడు ఒడిబియ్యం పోసి పంపుతాం గదా. తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, ఆమె చీర కొంగు ఒడిలో పరుచుకుంటే అందులో బియ్యం, పసుపుకొమ్ములు, కొబ్బరి గిన్నె, రవికె గుడ్డ పెడతాం. ఐదు దోసిళ్లు పోయాలి. ఒడిలో పడినదాన్ని మళ్లీ తీయకూడదని, మూట కట్టుకుని ఇంటికి పోయి అక్కడే విప్పుకోవాలని మా అత్త పట్టింపు. ఆ రోజు నేనే పోస్తున్నాను. బస్సుకు వేళయింది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, లోపల సూరి దగ్గు ఎత్తుకున్నాడు. నా చెవులు వాడి దగ్గర ఉన్నాయి. చేతులు మాత్రం చేటలో ఉన్నాయి. రెండు దోసిళ్లు పోశాను. అప్పుడు రెండేళ్లు నిండని సరళ ఎక్కడి నుంచో తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి వదిన ఒడిలో బియ్యం మీద చతికిలబడింది. తీసి పక్కన పెట్టాల్సింది. నేను పెట్టలేదు. లేస్తే బిడ్డ ఏడుస్తుంది, బస్సు పోతుంది అనుకున్నాను. మిగిలిన మూడు దోసిళ్లూ బిడ్డ తొడల మీదుగానే పోసేశాను. అది గింజలు పట్టుకుని కేకలు వేసి నవ్వింది. అందరం నవ్వాం.

మొదట నవ్వు ఆపింది మా అత్త. "ఒడిలో పోసినాంక మళ్ల తీసుకునేది ల్యా" అంది. ఎవరితోనూ అన్నట్టు కాదు, దేవుడి పటంతో అన్నట్టు. నేను చేట కింద పెట్టాను. వదిన బిడ్డను లేపి, పాదాలకు అంటిన గింజలు ఒక్కొక్కటే దులిపి నా చేతికి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక ఘడియ వదల్లేదు. ఆ ఘడియ నాకు ఇప్పటికీ గుర్తు. బిడ్డ నడుమును ఇద్దరం పట్టుకుని ఉన్నాం.

ఆ తర్వాత వదిన రాకపోకలు పెరిగాయి. ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే మనిషి రెండు నెలలకొకసారి వచ్చేది. ముగ్గురికీ తెచ్చే గౌన్లు, చొక్కాలు పోయి ఒక్క గౌను మిగిలింది. అది సరళకే.  ఆమె ఉన్నంతసేపూ పిల్లల్ని లెక్కపెట్టుకునేదాన్ని. గాబు దగ్గర ముగ్గురు, అరుగు మీద ముగ్గురు. ఇద్దరే కనబడితే పొయ్యి వదిలి పరిగెత్తేదాన్ని. వదిన ఒడిలో సరళ నిద్రపోతూ ఉండేది. ఆమె ఈగలు తోలుతూ ఉండేది. ఏమని అడగను? అత్త ఒడిలో మేనకోడలు పడుకుంటే తప్పని ఎవరంటారు? మంచినీళ్లు కావాలా వదినా అని అడిగి వెనక్కి వచ్చేదాన్ని.

ఒకసారి మా ఆయన లారీ దిగిన రోజు వాళ్లమ్మ ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. లోపల నేను జొన్నరొట్టె తడుతూ వింటున్నాను. ఇచ్చింది నేనే అట. నా చేతులతో ఒడిలో పోసిందాన్ని ఇంట్లో దాచుకుంటే ఇల్లు కలిసిరాదట. అందుకే సూరి దగ్గు తగ్గడం లేదట. మా ఆయన అంతా విన్నాడు. తర్వాత లోపలికి వచ్చి, "మాయక్క ఏడిస్తే నేను సూల్లేను. బిడ్డను ఇయ్యాల్నా వద్దా అనేది నీ ఇష్టం" అని చెప్పి లారీ ఎక్కి పోయాడు. నీ ఇష్టం అన్న మాట అంత బరువుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సూరికి ఆ వారం ఊపిరి ఆడక కడప ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. ఆ మరుసటి సోమవారం వదిన వస్తే, నేనే సరళకు తల దువ్వి పంపించాను.

రాయి తల్లీ. చేయి ఆపొద్దని ముందే చెప్పినాను గదా.

ఉన్నది ఉన్నట్టు అంటే ఇది కూడా చెప్పాలి. నువ్వు పోయిన మొదటి వారం నాకు హాయిగా నిద్ర పట్టింది. ఇద్దరు పిల్లలు, ఒక దగ్గు, అంతే. ఒళ్లు తేలికగా ఉండేది. రెండో వారం సంగటి ముద్దలు చేస్తూ చేస్తూ చిన్న ముద్ద ఒకటి చేసి తట్ట చివర పెట్టాను. అది తినేవాళ్లు ఇంట్లో లేరు. అప్పటి నుంచి నిద్ర పోయింది.

వదిన మంచితనం చెప్పొద్దంది కాబట్టి మంచితనం కానిది చెబుతాను. మూడు నెలల్లో రెండుసార్లు మా ఆయన లారీని నందికొట్కూరు మీదుగా తిప్పుకుని వాళ్ల ఇంటికి పోయాడు. రెండుసార్లూ బిడ్డ నిద్రపోతాండాది, లేపొద్దు అని మజ్జిగ తాగించి వాకిట్లోంచే పంపేసింది. బిడ్డకు శైలజ అని పేరు మార్చింది. ఊళ్లో నా బిడ్డ అని చెప్పుకుంది. ఎర్రగుంట్లలో ఉండేది అత్త, మామ అని దానికి నేర్పింది. మా ఆయన ఇవన్నీ నాకు చెప్పలేదు. లారీలో ఆయనతో పాటు పోయిన క్లీనరు మా వీధిలో చెబితే నా దాకా వచ్చాయి.

సూరి కాస్త తేరుకున్నాక, ఎవరికీ చెప్పకుండా ఆ పల్లెకు బయలుదేరాను. ప్రొద్దుటూరులో ఒక బస్సు మారి, నంద్యాలలో ఇంకొకటి మారి, నందికొట్కూరు నుంచి జీపులో వేలాడుతూ పోయాను. ఊరికే చూసి వద్దామనే పోయాను, నమ్మితే నమ్ము. వాళ్ల వాకిట్లో కల్లాపి చల్లి ఉంది. వసారాలో బుడ్డల కుప్ప, దాని పక్కన సరళ. ఒళ్లు చేసింది, బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. తలకు నూనె, కాళ్లకు పట్టీలు, కనుబొమ్మల మీద దుమ్ము లేదు. నన్ను చూసి లేచి నిలబడింది. నేను చేతులు చాపాను. అది లోపలికి తిరిగి పిలిచింది.

"మ్మా, సుట్టాలొచ్చినారు."

నా చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఎందరో చుట్టాలకు నీళ్లిచ్చినదాన్ని, ఆ వాకిట్లో నేనే చుట్టాన్ని. లోపల నుంచి వదిన వచ్చి, చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చింది. చుట్టానికి ఇచ్చినట్టే. అన్నం పెట్టింది. బిడ్డకు ముద్దలు కలిపి తినిపిస్తుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. వదిన మొగుడు, నేను అన్నా అని పిలిచే మనిషి, పొలం నుంచి వచ్చి నన్ను చూసి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు. రెండు రోజులు ఉన్నాను. ఆ రెండు రోజుల్లో సరళ నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నా సంచిలో ఏముందో చూడడానికే వచ్చింది.

మూడో రోజు బయలుదేరతానన్నాను. ఇంటికి వచ్చిన ముత్తైదువను ఒట్టి ఒడితో పంపకూడదు. వదిన పీట వేసింది, చేటలో తమ పొలం బియ్యం తెచ్చింది. నేను కొంగు పరుచుకుని కూర్చున్నాను. అప్పుడు నేను చేసిన పని నాకు ముందే తోచిందో, ఆ ఘడియలోనే తోచిందో ఇప్పుడు చెప్పలేను. ముందే తోచి ఉంటుంది. ఎందుకంటే నా గుప్పిట్లో బెల్లం ముక్క ఉంది. దూడను పిలిచినట్టు సరళకు చూపించాను. అది వచ్చింది. ఒడిలో కూర్చోబెట్టుకుని నోట్లో బెల్లం పెట్టాను.

వదిన దోసిలి నిండా బియ్యంతో వంగింది. వంగినదల్లా ఆగింది.

"దాన్ని పక్కకు కూచోబెట్టు నాగమ్మా" అంది.

"కూచోనీ వదినా" అన్నాను.

 ఇద్దరికీ అర్థమైంది. ఆమె వేళ్ల సందుల్లోంచి గింజలు జారి నేల మీద పడుతున్నాయి. చేట కింద పెట్టి లోపలికి పోయినా నేను ఏమీ చేయగలిగేదాన్ని కాదు. తిట్టి పంపినా తలవంచుకుని పోయేదాన్ని. చాలాసేపటి తర్వాత ఆమె దోసిలి విప్పింది. బిడ్డ తొడల మీదుగా పోసింది. మళ్లీ ముంచింది, మళ్లీ పోసింది. ఐదూ పోసింది, ఒక్కటి తగ్గించలేదు. ఐదోది పోస్తూ నా ముఖం చూడకుండా, "తలకు నూనె బాగా పెట్టు. చెవుల ఎనక చెమటకాయలు లేస్తాండాయి దానికి" అంది. కొంగు ముడి కూడా తానే వేసి లోపలికి పోయింది. మేం బండి ఎక్కేటప్పుడు బయటికి రాలేదు. నందికొట్కూరు వరకు నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. అమ్మ కావాలని ఏడ్చావు. నేను అమ్మనే అని నీకు చెప్పలేకపోయాను.

తర్వాత రెండేళ్లు వదిన మా గడప తొక్కలేదు. మా అత్త పోయినప్పుడు వచ్చింది, అప్పటి నుంచి మళ్లీ రాకపోకలు కలిశాయి. కానీ సరళను ముట్టుకునేది కాదు. పద్మకు గౌను తెచ్చేది, సూరికి చొక్కా తెచ్చేది, సరళకు ఏమీ తెచ్చేది కాదు. గాబు దగ్గర ఇద్దరికీ ఒళ్లు రుద్ది, చిన్నదాన్ని నువ్వు తోముకో పో అనేది. ఆరేళ్ల బిడ్డ తలుపు పక్కన నిలబడి చూసేది. అత్తకు నేనంటే ఎందుకు గిట్టదు మ్మా అని నన్ను అడిగింది. నువ్వు అల్లరి చేస్తావు గదా, అందుకే అన్నాను. ఆ పిల్ల ఆ రోజు నుంచి వదిన వచ్చినప్పుడల్లా చేతులు కట్టుకుని మూలన కూర్చునేది. అల్లరి మానేసింది. నా అబద్ధం దాని ఒంట్లో దిగడం చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదంటే భయం. మా ఆయన పోయి, ఇల్లు గడవక సరళ చదువు ఇంటరుతో ఆగి మిషన్ ఎక్కిన రోజు ఆ భయం ఇంకా పెద్దదైంది. కాలువ కింద పొలం ఉన్న ఇంట్లో పెరగాల్సినదాన్ని ఈ దుమ్ములోకి ఎందుకు తెచ్చావు అంటుందేమో అని. పంపావు కాబట్టి కన్నతల్లివి కాదు అంటుందేమో, తిరిగి తెచ్చావు కాబట్టి మేలు కోరిన తల్లివి కాదు అంటుందేమో.  

ఈ కాలంలో ఇట్లాంటివి జరగవు. కల్లూరులో మన ఇంటికి చుట్టాలు ఫోన్ చేసి కారులో వస్తారు, టిఫిన్ తిని సాయంత్రానికల్లా పోతారు. పిల్లలు సెల్‌లోంచి తల ఎత్తరు, సంచి వైపు చూడరు. పోయేటప్పుడు ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతిలో పెడతాం. పిల్లలు లేనివాళ్లు కర్నూలులో డాక్టర్ల చుట్టూ తిరుగుతారు గానీ, ఒకరి బిడ్డను ఒకరు అడగరు. అదే మంచిది. ఆ కాలం బాగుండేదని నేను అనను. కాకపోతే అప్పుడు చుట్టాలు వస్తే ఇల్లు వణికేది, ఇప్పుడు ఎవరొచ్చినా ఏమీ వణకదు. ఏది మేలో తేల్చుకునే తెలివి నాకు లేదు.

మొగుడు పోయి, పొలం ఆయన దాయాదులు, ఆ పాలోళ్ల చేతికి పోయాక వదిన కల్లూరు వచ్చి, మన వెనక వీధిలోనే రెండు గదులు వెతుక్కుంది. కర్నూలంతా ఇళ్లుంటే అక్కడే ఎందుకు తీసుకుందో నువ్వు అడగలేదు. నాలుగేళ్లు నువ్వే క్యారియర్ మోశావు. ఉప్పెక్కువైందనేది, పప్పు పలచన అనేది. గిట్టని అత్తకు కూడా ఎంత చేస్తాండావో అని నేను లోలోపల కుళ్లిపోయాను. చివరి వారం నువ్వు ఆమె తలకు నూనె రాస్తుంటే ఆమె కళ్లు మూసుకుని ఉంది. మేలుకునే ఉంది. నువ్వు క్యారియర్ తీసుకుని గడప దాటాక అడిగింది నన్ను, చిన్నపాపకు చెప్పినావా అని.

ఇంతే. చెప్పేశాను. పెన్ను ఆపి నా ముఖం చూస్తాండావు. చూడొద్దు తల్లీ, కాగితం చూడు. నువ్వు ఏమనాలనుకున్నా తర్వాత అను, పడతాను. ముందు చదివి వినిపించు. వదినను మంచిదాన్ని చేసినానో, నన్ను నేను మంచిదాన్ని చేసుకున్నానో, నా చెవులతో వింటే గానీ తెలియదు. మొదటి నుంచి వద్దు. సుట్టాలొచ్చినారు అని నువ్వు ఆమెను పిలిచినావు చూడు, ఆడ్నుంచి చదువు.